ఒలివెట్ పెళ్లి తాబేలు

ఒలివెట్‌కు జ్ఞానస్నానం చేయించిన రోజు అనతోల్ అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లను తెచ్చి, పెరట్లో పొన్నచెట్టు కింద వదిలి, విందుకు వచ్చినవాళ్లందరి ముందూ ఒక మాట అన్నాడు.

"ఇది నా కూతురి పెళ్లి భోజనం. ఇవాళ వచ్చినవాళ్లందరూ ఆ రోజు కూడా రావాలి, తినాలి."

లా దీగ్ దీవిలో ఆ రోజుల్లో ఆడపిల్ల పుట్టిన ఇంట్లో అందరూ చేసే పనే అది. పిల్లా తాబేలూ ఒకే పెరట్లో పెరుగుతాయి. పిల్ల పెళ్లీడుకు వచ్చేసరికి తాబేలు నాలుగు బంతులకు సరిపోయేంత అవుతుంది. పిల్లను చర్చికీ, తాబేలును పొయ్యి మీదికీ పంపిస్తారు. ఇందులో ఎవరికీ ఏ లోపమూ కనిపించేది కాదు. తాబేలుకు కనిపించేదేమో, దాన్ని అడిగినవాళ్లు లేరు.

వచ్చిన చిక్కల్లా ఒలివెట్‌కు నలభై దగ్గర పడుతున్నా పెళ్లి కాలేదు. తాబేలేమో పెరగడం ఆపలేదు.

తాబేలును పెంచడమంటే ఏముంది, పెరట్లో ఒక రాయి ఉన్నట్టే కదా అని అనతోల్ మొదట్లో అనుకున్నాడు. రాయికీ తాబేలుకూ తేడా ఆయనకు కంచె దగ్గర తెలిసింది. తాబేలు కంచె దూకదు, ఎక్కదు. నడుస్తుంది, అంతే. అది నడిచాక అక్కడ కంచె ఉండదు. అనతోల్ కొబ్బరి మట్టలతో కట్టాడు. తర్వాత వెదురుతో కట్టాడు. తర్వాత నల్లరాళ్లు పేర్చాడు. రాళ్లు పేర్చాక అది కొంచెం నెమ్మదిగా నడిచింది.

ఎర్రగా ఏది కనిపించినా అది పండే అనుకుంటుందన్న సంగతి ఆయన అక్క క్లెమాన్స్ వల్ల బయటపడింది. ఆవిడది పక్కిల్లే. ఈస్టరుకు కుట్టించుకున్న ఎర్ర లంగాను తీగ మీద ఆరేసి, లోపలికి వెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి తీగ మీద బొందు మాత్రం మిగిలింది. కొన్నాళ్లకు లంగా పెరట్లోనే దొరికింది గానీ, దొరికిన స్థితి చూసి ఆవిడ వద్దంది.

ఆ ఊళ్లో ఇళ్లన్నీ రాతి దిమ్మెల మీద నిలబెట్టిన చెక్క ఇళ్లు. ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక తాబేలు వంటింటి కిందికి దూరింది. దూరేటప్పుడు వంగి దూరింది, లేచేటప్పుడు మామూలుగా లేచింది. వంటింటి మూల జానెడు పైకి లేచి, పొయ్యి మీది పప్పు గిన్నె కిటికీలోంచి బయటికి వెళ్లిపోయింది. నలుగురు మగవాళ్లు వచ్చి మూలను మళ్లీ దించారు గానీ, అది పూర్తిగా దిగలేదు. అప్పటి నుంచి ఆ వంటింట్లో నిమ్మకాయ కింద పడితే కిటికీ వైపు ఉన్న గోడ వారన వెతుక్కోవాలి.

తాబేలుకు నోరు లేదనుకునేవాళ్లు వానాకాలంలో ఆ వీధికి రావాలి. తొలి వాన పడగానే పెరటి మూలనున్న గుండ్రటి బండ మీద దానికి మనసు పోయేది. బండ అవుననేది కాదు, కాదనేదీ కాదు. తాబేలు మూలుగు వీధి చివరి దాకా వినిపించేది. పాదిరి గారు ఆ నెలల్లో సాయంత్రం జపమాల ప్రార్థనను ఇంకో వీధికి మార్చేవారు. ఎందుకండీ అని అడిగితే, ఈ వీధిలో గాలి ఎక్కువ అనేవారు.

ఏ పనీ చేయదు, అడ్డొచ్చినదాన్ని తొక్కుకుంటూ పోతుంది, ఊరంతా కలిసి మేపాలి. అందుకని ఊరు దానికి గవర్నరు అని పేరు పెట్టింది. తెల్లదొరలు దీవులు వదిలి వెళ్లిపోయాక కూడా ఆ పేరు మార్చాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఊరు మేపిందంటే ఊరికే మేపలేదు. జ్ఞానస్నానం రోజున కల్లు పుచ్చుకున్న ఉత్సాహంలో ఎవరి భాగం వాళ్లు ఖాయం చేసుకున్నారు. కాలేయం క్లెమాన్స్‌ది. కొవ్వు చర్చి గంట కొట్టే ముసలాయనది, మోకాళ్ల నొప్పులకు. దారిన పోయే ప్రతివాడూ తన భాగాన్ని ఒకసారి కంటితో తూచుకుని, ఒక సీమపనస ముక్కో మగ్గిన అరటిపండో విసిరి పోయేవాడు. పెళ్లెప్పుడని ఒలివెట్‌ను మొహాన అడిగినవాళ్లు లేరు. గవర్నరు వైపు చూసి నిట్టూర్చేవారు. ఆమెకు అది ఇంకా బాధగా ఉండేది.

ఒలివెట్ వనిల్లా తోటలో పని చేసేది. వనిల్లా పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది, తనంతట తాను కాయ కట్టదు. సన్నటి పుల్లతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించాలి. ఆ పనిని అక్కడ పువ్వుకు పెళ్లి చేయడం అంటారు. పొద్దుటంతా వందల పెళ్లిళ్లు చేసి ఆమె మధ్యాహ్నం ఇంటికి వచ్చేది. దీని మీద వేయగలిగిన హాస్యాలన్నీ ఆమెకు పాతికేళ్లు నిండేలోపే ఊరు వేసేసింది. తర్వాత అవి కూడా మానేశారు.

సంబంధాలు రాలేదా అంటే, వచ్చాయి. మొదట రొట్టెలు కాల్చే రెజీ వచ్చాడు. "వాడు తెల్లారకుండానే లేచి పిండి పిసుకుతాడు. నా కూతురికి కంటి నిండా నిద్ర ఉంటుందా?" అన్నాడు అనతోల్. తర్వాత ఒక పడవల వడ్రంగి వచ్చాడు. వాడి ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉందన్నాడు. అనతోల్ కూడా ఒళ్లు సహకరించినన్నాళ్లూ పడవలు కట్టినవాడే, ఆయన భుజాలూ అలాగే ఉంటాయి. ఆఖరికి పెద్ద దీవి మాహే నుంచి బదిలీ మీద వచ్చిన పోలీసు అడిగాడు. "వాడి యూనిఫాం వాడిది కాదు, సర్కారుది. రేపు వాళ్లు తీసేసుకుంటే వీడేం కట్టుకుంటాడు?" అన్నాడు.

ఊరు ముక్కున వేలేసుకుంది. కూతురి మీద ఇంత ప్రేమ ఉన్న తండ్రిని ఎక్కడా చూడలేదంది. ఒలివెట్ చిన్నప్పుడే తల్లి పోయింది, అప్పటి నుంచి ఇంట్లో ఇద్దరే. నాన్న నన్ను వదిలి ఉండలేడు అని ఆమె కూడా అనుకుంది. రెజీని పంపేసిన సాయంత్రం ఏడుపు దిగమింగుకుని, కొబ్బరిపాలలో అరటిపళ్లు ఉడికించి తండ్రికి పెట్టి, "పోనీలే నాన్నా" అని ఆయన్నే ఓదార్చింది. రెజీ అంటే ఆమెకు ఇష్టమే. కానీ ఆ బాధలో ఒక చిన్న గర్వం కూడా ఉండేది. ఒక మనిషికి నేను ఇంతగా కావాలి కదా అని. ఆ గర్వాన్ని పట్టుకునే ఆమె అన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

అప్పుడు గొంత్రాన్ వచ్చాడు. పక్క దీవి ప్రాలిన్ నుంచి ఎద్దునూ బండినీ పడవ ఎక్కించుకుని వచ్చి, ఎండుకొబ్బరి మిల్లుకు తోలుతూ ఉండిపోయాడు. నలభై దాటిన మనిషి. తొందర అనేది ఆయనకూ తెలియదు, ఆయన ఎద్దుకూ తెలియదు. వనిల్లా షెడ్డు ముందు బండి ఆపి, ఒలివెట్ మంచినీళ్లు ఇస్తే తాగి వెళ్లేవాడు. అలా ఏడాది పాటు మంచినీళ్లే తాగి, ఒక రోజు గ్లాసు తిరిగిచ్చేటప్పుడు, "మీ నాన్నగారితో మాట్లాడొచ్చా?" అన్నాడు. దేని గురించి అని ఆమె అడగలేదు.

ఉతికిన చొక్కా వేసుకుని వచ్చిన గొంత్రాన్‌ను అనతోల్ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు.

"మీది ప్రాలిన్ కదూ?"

"అవునండి."

"ప్రాలిన్ వాళ్లు చేప తల తీసి పారేస్తారట."

"మా ఇంట్లో పారేయమండి."

"పారేయరా?" అన్నాడు అనతోల్. "నీ ఎద్దుకు వయసెంత?"

"పదకొండేళ్లండి."

"అదిగో! ముసలి ఎద్దు. ఇవాళో రేపో టపా కట్టేస్తుంది. అప్పుడు నా కూతుర్ని కడతావా బండికి?"

"లేదండి," అన్నాడు గొంత్రాన్, చాలా శ్రద్ధగా. "ఇంకో ఎద్దును కొంటానండి."

అనతోల్ లేచి నిలబడ్డాడు. "సరే, ఆలోచించుకోవాలి. కబురు పెడతాను, వెళ్లు."

ఆ మాటకు అర్థం రెజీకి తెలిసింది, వడ్రంగికి తెలిసింది, పోలీసుకు కూడా తెలిసింది. గొంత్రాన్‌కు తెలియలేదు. మర్నాడు మళ్లీ అదే చొక్కాతో వచ్చాడు.

"కబురు రాలేదండి. దారిలో ఎక్కడైనా ఆగిపోయిందేమోనని నేనే వచ్చాను."

అలా వారం పాటు వచ్చాడు. అనతోల్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ వారంలోనే ఒక రోజు పొద్దు వాలుతుండగా ఒలివెట్ తండ్రిని భోజనానికి పిలవడానికి పెరట్లోకి వెళ్లింది. క్రోటన్ మొక్కల అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. ఎవరితోనో బుజ్జగింపుగా మాట్లాడుతున్నాడు. అంత మెత్తటి గొంతు ఆమె చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు విన్నది.

"నువ్వేం దిగులు పెట్టుకోకు. రొట్టెలవాణ్ణి పంపలేదూ? ఆ వడ్రంగి కుర్రాణ్ణి పంపలేదూ? పోలీసు ఎంత బుద్ధిమంతుడు, పాపం, వాడి బట్టల మీద వంక పెట్టి మరీ పంపాను. ఇదంతా నీ కోసం కాదూ? ఈ ప్రాలిన్‌వాడు కొంచెం మొండి ఘటం, అంతే. నేనుండగా నీ మీద కత్తి పడనిస్తానా? తిను, తిను, పనసతొన తిను."

గవర్నరు పనసతొన నమలడం వినిపించింది. చప్పరిస్తూ, తీరిగ్గా, నోరంతా ఉపయోగించి తినేది అది.

ఒలివెట్ అక్కడే నిలబడిపోయింది. తన కోసం కాదన్నమాట. ఒక్కసారి కూడా తన కోసం కాదు. ఊరంతా మెచ్చుకున్న ఆ ప్రేమ నిజమే, దానికి చిరునామా మాత్రం వేరే. రెజీ ఇప్పుడు ముగ్గురు పిల్లల తండ్రి. వాడి పెద్దకూతురు రొట్టెల కొట్లో కూర్చుని చిల్లర ఇస్తుంటుంది. ఒలివెట్ ఏళ్లుగా ఆ పిల్ల చేతి నుంచే రొట్టె కొంటోంది.

ఆమె పిలవకుండానే వెనక్కి వచ్చేసింది. అనతోల్ తర్వాత వచ్చి, చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

"ఏమ్మా, అలా ఉన్నావు?"

"ఏం లేదు నాన్నా. గాలి ఎక్కువ."

మర్నాడు ఆమె గొంత్రాన్‌ను వెంటబెట్టుకుని పాదిరి గారి దగ్గరకు వెళ్లింది. ఆదివారం పూజ అయ్యాక పాదిరి గారు పెళ్లి ప్రకటన చదివారు. ఫలానా గొంత్రాన్‌కూ ఫలానా ఒలివెట్‌కూ వివాహం నిశ్చయమైందనీ, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలనీ అన్నారు. చర్చిలో ఒక నిట్టూర్పు లేచింది. తలలన్నీ తిరిగాయి. కొన్ని ఒలివెట్ వైపు తిరిగాయి, ఎక్కువ భాగం కిటికీ వైపు, అనతోల్ పెరడు ఉన్న దిక్కుకు తిరిగాయి. అభ్యంతరం ఉన్న ఒక్క మనిషీ ముందు వరుసలో నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అందులోంచి మాట మాత్రం రాలేదు.

బయటికి రాగానే క్లెమాన్స్ మేనకోడల్ని కౌగిలించుకుంది.

"ఎన్నాళ్లకే తల్లీ! నేను పోయేలోపు చూస్తానో లేదో అనుకున్నాను."

"నా పెళ్లా, అత్తా?"

"పెళ్లీ చూస్తానే. కాలేయం నాదే, గుర్తుందిగా?"

అనతోల్ చుట్టూ మగవాళ్లు మూగి పెద్ద డేగిసాలు ఎవరి దగ్గరున్నాయో, కట్టెలు ఎన్ని కావాలో మాట్లాడుతున్నారు. ఆయన మొహం పిండి రాసినట్టు తెల్లబోయింది. ఇంటికి వచ్చాక టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"నాకు ఒక్క మాట చెప్పకుండానా?"

"నీకు చెబితే నువ్వు గవర్నరుకు చెబుతావని చెప్పలేదు."

అనతోల్ ఆమె వైపు చూసి, కిటికీ వైపు చూసి, మళ్లీ టోపీ పెట్టుకున్నాడు.

"విన్నావా?"

"విన్నాను."

"అది కాదమ్మా..."

"ఏది కాదు? పెళ్లి శనివారం. శుక్రవారం పొద్దున గవర్నరును కోస్తారు. నా పెళ్లి భోజనం అని అందరి ముందూ చెప్పింది నువ్వే."

"ఇప్పుడెవరు తింటున్నారే తాబేలును? ఆ కాలం పోయింది. మంచి పందిని తెప్పిస్తాను, రెండు తెప్పిస్తాను."

"అందరి పెళ్లిళ్లలో తిన్నావు కదా నాన్నా. క్లెమాన్స్ అత్త పెళ్లిలో రెండుసార్లు అడిగి వేయించుకున్నావట. మాటంటే మాటే."

ఒలివెట్‌కు గవర్నరు చావాలని లేదు. చిన్నప్పుడు దాని వీపు మీద కూర్చుని చర్చి దాకా ఊరేగింది. అమ్మ పోయిన రోజు దాన్ని ఆనుకునే ఏడ్చింది. కానీ ఒక్క సంగతి తెలియకుండా ఆ ఇంటి గడప దాటలేననిపించింది. నాన్నకు తాను ఎక్కువా, తాబేలు ఎక్కువా? పక్కింట్లో ఎవరైనా ఇలా అడిగితే ఆమే నవ్వి ఉండేది. ఇప్పుడు నవ్వు రాలేదు. గొంత్రాన్‌కు చెప్పాలని చూసింది.

"నేను తాబేలు తినను. నాకు పడదు," అన్నాడు గొంత్రాన్.

"నువ్వు తినక్కర్లేదు."

"మరి కొయ్యడం ఎందుకు?"

"చెప్పినా నీకు అర్థం కాదు."

"సరే," అన్నాడు గొంత్రాన్. ఆయనతో ఉన్న సుఖమే అది.

అనతోల్ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. మొదట గవర్నరుకు జబ్బు చేసిందన్నాడు. క్లెమాన్స్ వచ్చి కర్రతో డిప్ప మీద కొట్టి చూసి, "ఒరేయ్ తమ్ముడూ, దీనికి జబ్బేంట్రా, సిమెంటు గోడలా ఉంటే! నీకే చేసినట్టుంది," అని వెళ్లిపోయింది. తర్వాత అమావాస్య ముందు కోస్తే మాంసం చేదెక్కుతుందన్నాడు. ఆ మాట ఊళ్లో అంతకు ముందు ఎవరూ వినలేదు. ఆయన కూడా విని ఉండడు.

బుధవారం పొద్దున పెరడు ఖాళీగా ఉంది.

"పారిపోయింది," అన్నాడు అనతోల్, ఆకాశం వైపు చూస్తూ. "దానికి తెలిసిపోయింది, పాపం."

రాళ్ల కంచెనైనా తొక్కుకుంటూ పోయే తాబేలు ఆ రోజు కంచె తలుపు తీసుకుని, బయటికి వెళ్లి, మళ్లీ గడియ పెట్టుకుని మరీ పారిపోయింది. తలుపు ముందు బండి చక్రాల జాడలున్నాయి. ఒలివెట్ వనిల్లా షెడ్డు దగ్గర గొంత్రాన్‌ను ఆపింది.

"నువ్వేనా?"

"చెప్పొద్దన్నారు మీ నాన్నగారు," అన్నాడు గొంత్రాన్. "పలక వేసి, పనసతొన చూపించి బండి ఎక్కించాం. కొండ అవతలి తీరంలో దించాం. నన్ను అల్లుడూ అని పిలిచారు."

"ఎందుకని అడగలేదా?"

"ఎక్కడ దించాలని అడిగాను."

ఒలివెట్ ఎవరికీ చెప్పలేదు. తండ్రి తనంతట తాను వెళ్లి దాన్ని తెస్తాడేమోనని చూసింది. మధ్యాహ్నం చూసింది, సాయంత్రం చూసింది. ఆయన వరండాలో కూర్చుని ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటుంటే ఆమెకు మండుకొచ్చింది. నా పెళ్లి భోజనం చెడిపోతే ఈయనకు ఈల వస్తుందా అనుకుంది. తెలుసుకోవలసింది తెలిసిపోయిందనే అనుకుంది. రాత్రి తలగడ తడిసేలా ఏడ్చింది.

ఆ దీవిలో ఎక్కడ దించినా గవర్నరుకు ఇంటి దారి తెలుసునని అనతోల్ లెక్కలోకి తీసుకోలేదు. గురువారం సాయంత్రం, ఆడవాళ్లు చర్చిని పూలతో అలంకరించి బయటికి వస్తుండగా, కొండ వైపు నుంచి వచ్చే ఏకైక దారిలో అది కనిపించింది. మెడకు ఎవరిదో బట్టలారేసే తాడు, తాడుకు ఒక దిండు గలీబు. ఎటూ చూడకుండా, ఎవరినీ పట్టించుకోకుండా ఇంటికి పోతోంది. ఆడవాళ్లు వెనక నడిచారు, పిల్లలు ముందు నడిచారు. ఊరేగింపు అనతోల్ ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయన ఈల ఆగింది. ఆయనే లేచి, గడియ తీసి, తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

తర్వాత పడవల కొట్లోంచి మచ్చుకత్తి తెచ్చి సానరాయి మీద నూరడం మొదలుపెట్టాడు. ఒలివెట్ వంటింట్లోంచి ఆ చప్పుడు విన్నది. ఇంకో నాటకం అనుకుంది.

శుక్రవారం పొద్దున పెరడు నిండిపోయింది. మూడు పొయ్యిలు వెలిగించారు, డేగిసాల్లో నీళ్లు కాగుతున్నాయి. ఒక పక్క అల్లం, వెల్లుల్లి, దాల్చిన ఆకు నూరుతున్నారు. ఇంకో పక్క మగవాళ్లు పొద్దుటి కల్లు రుచి చూస్తున్నారు. చర్చి గంట కొట్టే ముసలాయన తన కొవ్వు కోసం మూత ఉన్న గిన్నె తెచ్చుకున్నాడు. గవర్నరు పొన్నచెట్టు నీడలో నిలబడి రాలిన ఆకులు తింటోంది.

"నువ్వు పక్కకు కూర్చో అనతోల్," అన్నారు మగవాళ్లు. "దాన్ని వెల్లకిలా తిప్పడానికే ఆరుగురు కావాలి. మేం చూసుకుంటాం."

"తిప్పక్కర్లేదు," అన్నాడు అనతోల్. "మాటిచ్చింది నేను. మీరు వెనక్కి జరగండి."

ఆయన వెళ్లి తాబేలు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో దాని మెడ కింద గోకాడు. అలా గోకితే ఆ జాతి తాబేలు ఏం చేస్తుందో ఆ దీవిలో అందరికీ తెలుసు. గవర్నరు నాలుగు కాళ్లనూ నిటారుగా చాపి, ఆ బరువంతా పైకెత్తి నిలబడింది. లోపల ఎక్కడ దాచుకుంటుందో అంత మెడనూ బయటికి తీసి, పైకి చాపి, కళ్లు మూసుకుంది. ముడతలు పడ్డ బారెడు మెడ, కత్తికి ఎదురుగా. ఇంత సులువుగా మెడ ఇచ్చే జంతువు ఇంకొకటి ఉండదు. ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వదు.

ఒలివెట్ తండ్రి మొహం చూస్తోంది. ఇప్పుడు కత్తి పారేస్తాడు, ఇటు తిరిగి, నా వల్ల కాదమ్మా అంటాడు. ఆ మాట కోసం ఆమె పళ్లు బిగించి చూసింది. ఆయన తిరగలేదు. కన్నీళ్లు గడ్డం మీంచి చొక్కాలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎడమ చెయ్యి గోకడం ఆపలేదు. కుడి చెయ్యి లేచింది.

చిన్నప్పటి నుంచి ఆయన కొబ్బరికాయలు కొట్టడం, దుంగలు చెక్కడం చూసిన మనిషి ఆమె. ఆ చెయ్యి ఎప్పుడు ఊరికే లేస్తుందో, ఎప్పుడు దిగడానికి లేస్తుందో ఆమెకు తెలుసు. అది దిగుతోంది.

"ఆపు నాన్నా!"

గొంతు తనదేనా అనిపించేంత పెద్దగా వచ్చింది. కత్తి పక్కకు తిరిగి డిప్ప అంచుకు తగిలింది. చిన్న పెచ్చు లేచి పొయ్యి దగ్గర పడింది. గవర్నరు బుస్సుమని గాలి వదిలి, తలా కాళ్లూ లోపలికి తీసుకుని, ధబ్బుమని కూర్చుంది. జరిగినదాని గురించి అది తెలియజేసిన అభిప్రాయం అంతే.

"ఏమొచ్చిందే నీకు?" క్లెమాన్స్ ఇంతెత్తున లేచింది. "నీళ్లు మరుగుతుంటేనూ!"

"పందిని తెండి అత్తా. ఎవరింట్లో ఉంటే వాళ్లింట్లో అడగండి."

"మరి నా కాలేయం?"

"పందికీ ఉంటుంది కాలేయం."

జనం గొణుక్కున్నారు. గిన్నె తెచ్చుకున్న ముసలాయన మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టాడు. గొంత్రాన్ పందిని తేవడానికి బండి కట్టడానికి వెళ్లాడు, ఎక్కడి నుంచని మాత్రం అడిగి వెళ్లాడు. ఒలివెట్ వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. కత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి దాన్ని తీసి పక్కన పెట్టింది.

"నేను ఆపకపోతే నరికేవాడివా?"

"నరికేవాణ్ణి."

"నిజంగా?"

"చూశావు కదే. అడిగింది నువ్వు కదా." ఆయన ముక్కు చీదుకున్నాడు. "నరికి, వండించి, ఒక్కడు ఆకలితో వెళ్లకుండా నీ పెళ్లికి వచ్చినవాళ్లందరికీ నా చేత్తో వడ్డించేవాణ్ణి. నేను మాత్రం తినేవాణ్ణి కాదు. ఇంకెప్పుడూ ఏమీ తినబుద్ధయ్యేది కాదేమో."

ఒలివెట్ ఆయన భుజం మీద, కిందికి దిగిన ఆ ఎడమ భుజం మీద తల పెట్టి బావురుమంది. చిన్నపిల్లలా ఎక్కిళ్లు పెట్టి, అందరూ చూస్తుండగా, ఎంతకీ ఆపుకోలేకుండా ఏడ్చింది. పెళ్లికూతురు తాబేలు కూర తప్పిపోయినందుకు ఏడుస్తోందని పెరట్లో వాళ్లు అనుకున్నారు. వాళ్లకు అది సబబుగానే తోచింది.